మార్కెట్లో ఒక పెద్దమనిషి

సోమవారం ఉదయం ఏడింటికల్లా దెయోలిందా అంగడి ముందు పదకొండు మంది నిలబడి ఉన్నారు. ముప్ఫై ఒక్కేళ్లుగా ఆ మార్కెట్లో ఆకులమ్ముతున్న మనిషికి, వరస అంటే ఏమిటో ఆ నెలలోనే తెలిసింది. అంతకుముందు జనం వచ్చేవాళ్లు, కొనుక్కుపోయేవాళ్లు. ఒకరి వెనక ఒకరు నిలబడి, మధ్యలో దూరినవాణ్ణి తిట్టిపోస్తూ ఆమె కోసం ఎదురుచూడడం మాత్రం ఎన్నడూ లేదు. అందుకని దెయోలిందా కాస్త బడాయిగానే ఉంది. ఇస్త్రీ చేసిన బట్ట నడుముకి కట్టుకుంది. చెవులకి లోలాకులు కూడా పెట్టుకుంది.

అందరూ అడిగేది ఒకటే, తీపాకు. పొద్దున పదింటికి ఊరంతా తాగే చల్లటి తెరెరె జగ్గులోకి పంచదారకి బదులు రుచి కోసం నాలుగు రెమ్మలు వేసుకునే ఆకు అది. నిన్నమొన్నటిదాకా పుదీనా పక్కన పడి ఉండేది. ఇప్పుడు షుగరు జబ్బుకి మందై కూర్చుంది.

ఆకులమ్మేవాళ్ల పనికి ఒక పద్ధతుంది. చెక్క రోట్లో ఆకు వేసి దంచుతున్నంతసేపూ కొనేవాళ్లు ఎదురుగా నిలబడి ఉంటారు కదా, ఆ కాసేపూ నోరు ఊరుకోకూడదు. ఈ ఆకు ఎవరికి ఏం చేసిందో ఒక కబురు చెప్పాలి. కబురు చెప్పకుండా ఆకు చేతిలో పెడితే సగం మంది మళ్లీ రారు. పైగా ఆ కబుర్లో ఎవరి పేరూ రాకూడదు. కిడ్నీలో రాళ్లున్నవాడు ‘ఒక బస్సు డ్రైవరు’ అవుతాడు. మలబద్ధకం ఉన్నావిడ ‘మన చర్చికొచ్చే ఒకావిడ’ అవుతుంది. జబ్బుమనిషి పేరు అంగట్లో పలికితే ఆకు పనిచేయదని దెయోలిందాకి వాళ్లమ్మ చెప్పింది, వాళ్లమ్మకి వాళ్లమ్మ చెప్పింది.

ఈ నెలలో అయితే కబుర్లు చెప్పే శ్రమ కూడా లేకుండా పోయింది. అటక మీది రేడియోయే చెప్పేస్తోంది.

“జర్మనీ శాస్త్రవేత్తలు కూడా ఒప్పేసుకున్నారు, నా ప్రియమైన శ్రోతలారా!” అని మోగుతోంది డాక్టరు విల్‌ఫ్రీదో గొంతు. ఆయన డాక్టరు కాడు. నిరుడు దాకా పెళ్లిళ్లకి మైకులు అద్దెకిచ్చేవాడు. గొంతు మాత్రం పెద్దాసుపత్రి గొంతు. “తెల్లవారకముందు ఏడు ఆకులు! నలభై రోజులు! ఎక్కడో కాదు, మన మార్కెట్లోనే ఒక పెద్దమనిషి ఉన్నాడు. అరవై ఒక్కేళ్లు. షుగరు మూడొందల నుంచి నూట పదికి దిగింది. ఆహా, ఏమి నిగ్రహం! మొక్కజొన్న రొట్టె ముందు పెట్టినా ముట్టుకోలేదు. మాత్రలు కిటికీలోంచి విసిరేశాడు!”

వరసలో ఉన్నవాళ్లు నిట్టూర్చారు. “ఆ పెద్దమనిషి నీకు తెలుసా దెయోలిందక్కా?” అని అడిగింది ముందున్నావిడ.

“మార్కెట్లో పెద్దమనుషులకి కొదవా?” అంది దెయోలిందా, తెలిసీ చెప్పనిదానిలా నవ్వుతూ. నిజానికి ఆమెకేమీ తెలియదు. కానీ జర్మనీ దాకా వెళ్లొచ్చిన ఆకుని అమ్ముతూ నాకు తెలియదు అనడానికి నోరెలా వస్తుంది?

అప్పుడే నడవకి అవతల నుంచి పెద్ద కేక వినిపించింది. ఎదురుగా ఉన్న మంగలి కొట్లోంచి మాంసం కొట్టు సిన్ఫోరియానో ఒక చెవి తువ్వాలుతో పట్టుకుని, సగం గెడ్డం నురగతో బయటికొచ్చాడు.

“దెయోలిందా! మీ ఆయనకి నేను మాంసం కోసిస్తుంటే, ఆయన నా మాంసమే కోస్తున్నాడు!”

“నువ్వే చెవి కదిలించావు,” అన్నాడు లోపలి నుంచి ఎలాదియో.

“చెవి ఎలా కదిలిస్తారయ్యా! నేనేమన్నా గాడిదనా?”

దెయోలిందా గుడ్డలో ఐసుముక్క చుట్టి చెవికి అదిమింది. గాటు చిన్నదే. అయినా ఎలాదియో చేతిలో కత్తి పట్టి నలభై ఏళ్లయింది, ఒక్కడి చర్మం మీద గీత పడింది లేదు. ఆమె మొగుడి వంక చూసింది. ఆయన అద్దం తుడుస్తున్నాడు. పొద్దుటి నుంచి అది నాలుగోసారి. అద్దం మసకబారిపోతోందని గొణుగుతున్నాడు. పక్కన మూడు లీటర్ల నీళ్ల జగ్గు, తొమ్మిదన్నా కాకముందే అడుగంటి ఉంది.

మంగళవారం ఆకుల కట్టలకి దారం తెంపడానికి కత్తెర దొరక్క ఆమె మంగలికొట్టుకి వెళ్లి సొరుగు లాగింది. కత్తెర కింద దువ్వెనలు, దువ్వెనల కింద బ్లేళ్ల పెట్టెలు, వాటి కింద మాత్రల అట్టలు ఉన్నాయి. ఒక్క మాత్ర కూడా గిల్లలేదు. ఎలాదియో షుగరుకి ఆసుపత్రిలో ఇచ్చినవి అవి.

“ఏమయ్యా, ఏంటివి?”

“మాత్రలు.”

“అది నాకూ కనపడుతోంది. నీ కడుపులో ఉండాల్సినవి సొరుగులో ఎందుకున్నాయంటున్నాను.”

ఎలాదియో కుర్చీ మీద లేని వెంట్రుకలు దులిపాడు. “నలభై రోజులు కానీ. ఇరవై ఏడయ్యాయి. ఇంకెంత, పదమూడే. ఆ పెద్దమనిషి చేయలా?”

“ఏ పెద్దమనిషి?”

“రేడియోలో పెద్దమనిషి. మన మార్కెట్లోనే ఉన్నాడంట. ఎవరో మరి, నాకెదురుపడి కూడా ఉంటాడు. నా చేత జుట్టు కూడా కత్తిరించుకుని ఉంటాడు.”

“అద్దం మసకేసిందంటున్నావే, అది అద్దం కాదు, నీ కళ్లు. ఆ నీళ్లు తాగడమేంటి అసలు, ఎద్దులాగ!”

“అది లోపలి విషం బయటికి పోవడం. ముందు కాస్త ఎక్కువై తర్వాత దిగుతుందని డాక్టరు విల్‌ఫ్రీదో చెప్పాడు.”

“ఆకుల సంగతి నాకు చెప్తున్నావా నువ్వు? ఆకు మందు కాదయ్యా!”

“కాకపోతే ఎందుకమ్ముతున్నావే?” అన్నాడు ఎలాదియో. ఎత్తిపొడుపుగా కూడా కాదు, నిజంగానే తెలుసుకోవాలనుకున్నట్టు అన్నాడు. “పొద్దున్నే అంతమంది నిలబడుతుంటే, ఇది తాగితే తాగారు గానీ మాత్రలు మానకండి అని ఒక్కరికన్నా చెప్పావా?”

దెయోలిందా ఒక్కరికీ చెప్పలేదు. జర్మనీ వాళ్లే చెప్తుంటే మధ్యలో నేనెవరిని అనుకుంది. వరస బాగుంది, లోలాకులు బాగున్నాయి. నోరు మూసుకుంది.

ఎలాదియో గొంతు తగ్గించాడు. “మా అమ్మ ఒక్క పూట మాత్ర తప్పలేదు. అయినా మోకాలి కింద కాలు తీసేశారు. నేనే చూశాను కదా. ఆ పెద్దమనిషికి రెండు కాళ్లూ ఉన్నాయి దెయోలిందా. పొద్దున్నే లేవగానే ఆయన్ని తలుచుకుంటాను. ఆయనకి అయింది కదా, నాకెందుకు కాదు అనుకుంటాను. అప్పుడు భయం వేయదు.”

ఆమె మాత్రలు మళ్లీ సొరుగులో పెట్టేసింది. అరిచి లాభం లేదని తెలిసిపోయింది. పేరూ ఊరూ లేని ఆ మనిషి ముందు తన మాట చెల్లదు. ఆ మనిషినే పట్టుకొచ్చి కూర్చోబెట్టాలి. నిజంగా మాత్రలు మానాడో లేదో, ఇప్పుడెలా ఉన్నాడో ఎలాదియో ఎదురుగానే చెప్పించాలి.

బుధవారం పదింటికి అంగడి మీద గోనెపట్టా కప్పేసింది. వరసలోవాళ్లు గోల పెట్టారు. “ఇవాళ నాకు ఇరవయ్యో రోజు, మధ్యలో ఆపకూడదు!” అని ఒకావిడ ఏడుపు మొహం పెట్టింది. దెయోలిందా వినలేదు.

రేడియో వాళ్ల గది బస్సు టైర్లమ్మే కొట్టు మీద ఉంది. డాక్టరు విల్‌ఫ్రీదో డాక్టర్ల స్టెతస్కోపు మెళ్లో వేసుకుని మాంసం నింపిన బూరె లాంటిది ఒకటి నూనె కారుతుంటే తింటున్నాడు. రేడియోలో పొద్దున్నే నూనె వస్తువుల్ని తిట్టిన నోటితోనే తింటున్నాడు.

“ఆ పెద్దమనిషి ఇల్లెక్కడ బాబూ?” అంది దెయోలిందా.

“రోగి వివరాలు రహస్యం తల్లీ. వైద్యధర్మం.”

“పోనీ జర్మనీ వాళ్లు?”

“అదా, ఇదుగో, ఇంటర్నెట్లోనే ఉంది.” ఫోను తుడిచి చూపించాడు. తీపాకు బొమ్మ, పక్కన తెల్లకోటు మనిషి.

“ఈయన జర్మనాయనా?”

“కోటు చూడమ్మా.”

దెయోలిందా కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. ఆమెకి చదువు తక్కువే గానీ, ముప్ఫై ఏళ్లుగా విత్తనాల సంచుల మీద ఏం రాసి ఉందో చూడకుండా ఒక్కటి కొన్నది లేదు. తాగే వాటిల్లో పంచదార బదులు ఈ ఆకు వేసుకోవచ్చని ఉంది. దాని కిందే గెడ్డాలు ఒత్తుగా పెరిగే నూనె ప్రకటన ఉంది. తెల్లకోటాయన ఆ నూనె తాలూకు మనిషి.

“ఇందులో మాత్రలు మానమని ఎక్కడుంది?”

“ఆ ముక్కే ఉండదమ్మా. భావం అది.”

“జబ్బు నయమవుతుందని?”

“అదీ భావమే.”

“అరవై ఒక్కేళ్లని ఎవరు చెప్పారు?”

విల్‌ఫ్రీదో చిన్నబుచ్చుకున్నాడు. “వయసు లేకుండా రేడియోలో మనిషిని ఎలా చెప్తామమ్మా? ఏదో ఒకటి ఉండాలి. మనిషి మాత్రం నిజం. చిపా రొట్టెలమ్మే ఒబ్దూలియా చెప్పింది. ఆవిడ అబద్ధమాడదు.”

ఆవిడ అబద్ధమాడదన్నది నిజమే. ఒబ్దూలియా బస్సుల అడ్డా దగ్గర నెత్తి మీద గంప, గంపలో వేడివేడి చిపా రొట్టెలతో నిలబడి ఉంది. దెయోలిందా రొప్పుకుంటూ వచ్చి అడిగింది.

“షుగరు తగ్గిన పెద్దమనిషి కబురు నీకెవరు చెప్పారే?”

“ఎవరు చెప్పడమేంటి వదినా? నువ్వే!”

“నేనా?”

“మరెవరు? ఆగస్టులో. నా నడుంనెప్పికి ఆకు దంచుతూ చెప్పలా? మార్కెట్లో ఒక పెద్దమనిషి, షుగరు మూడొందలు, తీపాకు తాగుతుంటే నూట పదికొచ్చింది, మొక్కజొన్న రొట్టె ముందు పెట్టినా ముట్టుకోలేదు అన్నావు. రేడియో వాళ్లకి రొట్టెలివ్వడానికి వెళ్లి అదే చెప్పాను. ఒక ముక్క కలపలేదు, ఒక ముక్క తీయలేదు.”

“మాత్రలు మానేశాడని నేననలేదే!”

“నేనూ అనలేదు. అది రేడియోలో విన్నాను. నిజమే కాబోలనుకున్నాను.” ఒబ్దూలియా గంప దించింది. “ఎందుకలా అయిపోయావు వదినా? మా అక్క కూడా మానేసింది మరి. ఏమన్నా అవుతుందా?”

దెయోలిందా అరుగు అంచున కూలబడింది. ఆగస్టు గుర్తొచ్చింది. అప్పటికి రెండు నెలల ముందు ఎలాదియోకి పై పళ్లన్నీ పీకేశారు. కట్టుడు పళ్లు తయారయ్యేదాకా పలచటి గంజి, పులుసు నీళ్లు తప్ప ఏదీ నోట్లో పెట్టలేకపోయాడు. మొక్కజొన్న రొట్టె ముట్టుకోలేదంటే నిగ్రహం కాదు, కొరకడానికి పళ్లు లేక. మాత్రలు రెండు పూటలా వేసుకునేవాడు. తెరెరెలో పంచదార మానిపించి ఆమె తీపాకు వేసేది. షుగరు దిగింది. రోట్లో రోకలి ఆడుతుంటే నోటికొచ్చిన కబురు చెప్పింది. పళ్ల సంగతి చెప్పలేదు, మాత్రల సంగతి చెప్పలేదు. ఆకులమ్ముకునేది పళ్ల గురించి ఎందుకు చెప్తుంది? పేరు కూడా చెప్పలేదు. పద్ధతి కాదు కదా.

ఆ కబురే ఊరంతా తిరిగి, జర్మనీ తొడుక్కుని, నలభై రోజులు తగిలించుకుని ఇంటికొస్తే, కన్నతల్లే గుర్తుపట్టలేదు. నెల రోజులుగా రోజూ విని తలూపింది. ఆమెకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండిట్లో ఏడుపే గెలిచింది.

గురువారం కొట్లు తెరవగానే నేరుగా మంగలికొట్లోకి వెళ్లింది. ఎలాదియో కత్తి పదును పెడుతున్నాడు. సిన్ఫోరియానో కబురు మార్కెట్టంతా పాకి, ఆ కత్తి కింద మెడ పెట్టడానికి రెండు రోజులుగా ఎవరూ రావడం లేదు.

“ఆ పెద్దమనిషి దొరికాడు,” అంది.

ఎలాదియో మొహం వెలిగిపోయింది. కత్తి కింద పెట్టేశాడు. “నిజంగా? ఎలా ఉన్నాడు?”

“ఏం బాగోలేదు. నీళ్లు తెగ తాగుతున్నాడు. చూపు ఆనడం లేదు. సోమవారం ఎవరిదో చెవి కోశాడు.”

ఎలాదియో కాసేపు ఆమె వంక చూశాడు. తర్వాత అద్దంలోకి చూశాడు. “చెవి కోసింది నేను కదా,” అన్నాడు.

“నువ్వే.”

“కాదు. ఆయనకి అరవై ఒకటి.”

“ఆ వయసు విల్‌ఫ్రీదో వేశాడు. ఆ కబురు నాది. ఆగస్టులో నీ గురించి నేనే చెప్పాను.”

ఎలాదియో లేచి నిలబడ్డాడు. “అంటే నయమైంది నాకా! చూశావా మరి!”

“నీ తలకాయ! అప్పుడు నీ నోట్లో పళ్లున్నాయా? రెండు నెలలు గంజి తాగావు. రెండు పూటలా మాత్ర వేసుకున్నావు. అందుకు దిగింది.” ఆమె అంతా చెప్పింది. పళ్లు, గంజి, ఒబ్దూలియా, గెడ్డం నూనె, ఒక్కటి దాచలేదు. “తప్పు నాది ఎలాదియో. పేరు చెప్పి ఉంటే నువ్వే నవ్వి వదిలేసేవాడివి.”

ఆయన మెల్లగా, గిరాకీ కూర్చునే కుర్చీలోనే కూర్చున్నాడు.

“అయితే ఆయన లేడా?” అన్నాడు.

దెయోలిందా తల అడ్డంగా ఊపింది. కోపం చేసుకుంటాడనుకుంది గానీ ఎవరో దగ్గరివాడు పోయిన కబురు విన్నట్టు ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పక్కనే నిలబడి ఆయన జుట్టు సర్దింది. తర్వాత సొరుగులోంచి షుగరు చూసే చిన్న మిషను తీసింది. ఆయన అడ్డు చెప్పకుండా వేలు చాపాడు. మూడొందల నలభై ఎనిమిది. ఆ అంకె తనది కానట్టు మిషను కాస్త దూరం పెట్టుకుని, కాస్త దగ్గర పెట్టుకుని చూశాడు.

బయట అంగడి ముందు పద్నాలుగు మంది పోగయ్యారు. దెయోలిందా వాళ్ల ముందుకెళ్లి రోలు బోర్లించింది. ఆ కబురు తనదేనని, తీపాకు పంచదారకి బదులు తప్ప మాత్రకి బదులు కాదని గొంతెత్తి చెప్పింది. మాత్రలు మానినవాళ్లు ఇవాళే ఆసుపత్రికి పొండి అంది. పళ్ల సంగతి కూడా చెప్పింది.

ఒక్కరూ నమ్మలేదు.

“ఆకు అయిపోయి ఉంటుంది. అందుకే ఈ కథలు,” అంది ఒకావిడ.

“అయిపోలేదు, తనవాళ్ల కోసం దాచుకుంటోంది,” అంది ఇంకొకావిడ.

“మాత్రల కంపెనీవాళ్లు వచ్చి మాట్లాడి ఉంటారు,” అన్నాడు వెనకాయన.

మధ్యలో టోపీ పెట్టుకున్నాయన ఆలోచించి ఆలోచించి అడిగాడు. “పళ్లు పీకిస్తే షుగరు తగ్గిందంటున్నావు కదమ్మా. పైవా, కిందివా?”

దెయోలిందాకి తల ప్రాణం తోకకొచ్చింది. ముప్ఫై ఒక్కేళ్లుగా ఏం చెప్పినా నమ్మినవాళ్లు, మొదటిసారి నిజం చెప్తే నమ్మడం లేదు. ఇంకా ఏదో అరవబోతుండగా వరసలోవాళ్లు ఆమె భుజం మీదుగా చూడసాగారు. వెనక్కి తిరిగి చూసింది. ఎలాదియో నడవ దాటి వస్తున్నాడు, మంగలిపని తెల్లకోటు తొడుక్కునే. ఆ కోటు చూసి టోపీ ఆయన టోపీ తీశాడు.

“ఆ పెద్దమనిషిని నేనే,” అన్నాడు ఎలాదియో.

పైవరస పళ్లు ఊడదీసి అందరికీ చూపించాడు. పళ్లు లేని నోటితో మాట్లాడితే సగం అర్థం కాలేదని మళ్లీ పెట్టుకుని చెప్పాడు. “నా గురించి రేడియోలో విని నేనే మాత్రలు మానేశాను. ఇరవై తొమ్మిది రోజులు. ఇవాళ నా షుగరు మూడొందల నలభై ఎనిమిది. మీ మొహాలు నాకు సరిగ్గా ఆనడం లేదు. ముందున్నావిడ ఎర్ర గౌను వేసుకున్నారా?”

“పచ్చది,” అంది ఆవిడ చిన్నగా.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. సిన్ఫోరియానో తన కొట్టు ముందు నిలబడి, చెవి పట్టీ తడుముకుంటూ, అవునన్నట్టు గట్టిగా తలూపాడు. వరస చివర సంచి గుండెలకి అదుముకుని నిలబడ్డ ఒక సన్నటావిడ నాలుగడుగులు ముందుకొచ్చింది. నిన్న ఇరవయ్యో రోజని ఏడ్చింది ఈవిడే.

“అయ్యా, మానేసినవాళ్లు మళ్లీ వెళ్తే అక్కడ తిడతారా?” అని అడిగింది.

“తిడితే ముందు నన్ను తిడతారు. నా వెనక నిలబడండి,” అన్నాడు ఎలాదియో.

ఆవిడ వచ్చి ఆయన వెనక నిలబడింది. ఆవిడ వెనక పచ్చ గౌను ఆవిడ నిలబడింది. ఒబ్దూలియా గంపతో సహా వాళ్లక్కని చెయ్యిపట్టి లాక్కొచ్చి నిలబెట్టింది. టోపీ ఆయన కూడా చేరాడు, పళ్ల సంగతి అక్కడ డాక్టరునే అడుగుతానంటూ. మిగిలినవాళ్లు గొణుక్కుంటూ వేరే ఆకుల అంగళ్ల వైపు పోయారు. దెయోలిందా నడుముకి కట్టుకున్న బట్ట విప్పి రోటి మీద పడేసి, మొగుడి మోచెయ్యి పట్టుకుంది. ఆయనకి మెట్లు సరిగ్గా కనపడవు.

ఆరోగ్యకేంద్రంలో ఎనిమిది మంది ఒకేసారి లోపలికొస్తే నర్సు కళ్లజోడు పైకి తోసింది. పెద్ద పుస్తకం తెరిచి కలం పట్టుకుంది.

“పేరు?”

ఎలాదియో దెయోలిందా వైపు చూశాడు. ఆమె చెప్పమన్నట్టు మోచెయ్యి నొక్కింది.

“ఎలాదియో గమార్రా.”

“వయసు?”

“అరవై ఒకటి.”

“అరవై ఏడు,” అంది దెయోలిందా.

నర్సు ఆవిడ చెప్పిందే రాసుకుంది. “ఏంటి బాధ?”

ఎలాదియో గొంతు సవరించుకున్నాడు. వెనకున్నవాళ్లందరికీ వినపడేలా, రేడియోలో చెప్పినంత గట్టిగా చెప్పాడు.

“షుగరు. తగ్గలేదు.”